రాజీ కుదర్చడం కూడా ఒక ఉద్యోగమేనా?

పోయిన సంవత్సరం పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి వచ్చినప్పుడు మధ్యాహ్నం భోజనాల దగ్గర బి.ఏ. ఆఖరు సంవత్సరం కుర్రాడొకడు నా పక్కన కూర్చున్నాడు. సాంబారు వడ్డించేదాకా ఊరుకుని, "మీరేం చేస్తుంటారు సార్?" అని అడిగాడు. రెండు మతాలవాళ్ళకో, రెండు కులాలవాళ్ళకో తగాదా వచ్చిన చోటికి వెళ్ళి, ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడిస్తుంటానని చెప్పాను. "అది సరే సార్, ఉద్యోగం?" అన్నాడు. అదే ఉద్యోగమన్నాను. కుర్రాడు మర్యాదస్తుడు, నవ్వలేదు. కాని పెరుగు వచ్చేలోపల ఇంకో ప్రశ్న వేశాడు: "మరి జీతం ఎవరిస్తారు సార్? గెలిచినవాళ్ళా, ఓడినవాళ్ళా?"

ముప్ఫయ్యేళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నాను గాని ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. ఆ రోజు ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఈ సంచికకు ఏమైనా రాయమని విద్యార్థి సంఘంవారు కోరినప్పుడు, ఆ కుర్రాడికి బాకీపడ్డ జవాబు ఇక్కడ చెల్లిద్దామనిపించింది. చదివేవారిలో ఇంకెవరికైనా ఈ దారి మీద ఆశ ఉంటే వారికీ పనికొస్తుంది. చదివాక ఆశ పోయినా నష్టం లేదు, తెలిసి మానుకోవడం మంచిదే.

ముందు మాటల సంగతి తేల్చుకోవాలి. మన పల్లెటూళ్ళలో తగాదా అంటే పెద్దమనుషుల పంచాయితీ. మా తాతగారు అటువంటి పెద్దమనుషుల్లో ఒకరు. వేపచెట్టు కింద అరుగు మీద కూర్చుని, ఇద్దరి మాటా విని, తప్పెవరిదో తేల్చి జరిమానా వేసేవారు. తీర్పు నచ్చినా నచ్చకపోయినా ఎదురు చెప్పినవాళ్ళు లేరు. ఎందుకంటే సగం ఊరు ఆయన దగ్గర అప్పుపడి ఉండేది. నేను చేసే పని అది కాదు. మధ్యవర్తికి తీర్పు చెప్పే అధికారం లేదు, జరిమానా వేసే హక్కు లేదు, ఆయన మాట వినాలని ఎవరికీ నిర్బంధం లేదు. ఇద్దరూ ఎవరి మాట వాళ్ళు చెప్పుకుని, ఎవరి ఒప్పందం వాళ్ళే చేసుకునేదాకా మధ్యలో కూర్చుని ఉండడమే ఆయన పని.

రాయబారం వేరు, ఇది వేరు. తిరుపతి వెంకట కవుల పద్యాలకు ఒన్స్‌మోర్లు కొట్టి తెల్లవార్లూ నాటకాలు చూసిన ఊళ్ళు మనవి. కృష్ణుడంతటివాడు సంధి ఎందుకు కుదర్చలేకపోయాడని ఎప్పుడైనా ఆలోచించారా? ఆయన అర్జునుడికి బావ. యుద్ధమంటూ వస్తే అర్జునుడి రథం తోలతానని ముందే మాట ఇచ్చి, ఆ తరవాత సంధి మాటలకు బయల్దేరాడు. దుర్యోధనుడి కళ్ళకు ఆయన అవతలి పక్షం మనిషి. ఆ మాటలో అబద్ధమూ లేదు. దుర్యోధనుడు భోజనానికి పిలిస్తే, దూతలు వచ్చిన పని నెరవేరాకే భోజనం చేస్తారని చెప్పి విదురుడింటికి వెళ్ళాడు. రాయబారికి ఆ నియమం తగినదే. మా పనిలో మాత్రం ఇద్దరి ఇళ్ళలోనూ తినాలి. తిననివాణ్ణి ఎవరూ నమ్మరు. నాకొచ్చిన షుగరు వ్యాధిలో సగం ఇరుపక్షాలవాళ్ళూ పోసిన టీల పుణ్యమే.

మరి ఇందులోకి మతం ఎందుకు రావాలి? మతమే సగం తగాదాలకు మూలమైనప్పుడు మతం పేరున శాంతి చేయడమేమిటని మా లెక్చరరు మిత్రుడొకడు ఎప్పుడూ ఎత్తిపొడుస్తుంటాడు. అతనికి నేను ప్రతిసారీ ఒకటే దేశం పేరు చెబుతాను. ఆ కథ కాస్త వివరంగా చెప్పుకుంటే తప్ప ఈ పని ఎలా జరుగుతుందో తెలియదు.

ఆఫ్రికా తూర్పు తీరంలో మొజాంబిక్ అనే దేశం ఉంది. 1975లో పోర్చుగీసువారి నుంచి స్వాతంత్ర్యం తెచ్చుకుంది. ఫ్రెలిమో అనే పార్టీ అధికారంలోకి వచ్చి మార్క్సిస్టు రాజ్యమని ప్రకటించుకుంది. మిషన్ల బడులు, ఆసుపత్రులు ప్రభుత్వపరం చేసింది. రెండేళ్ళు తిరక్కుండానే రెనామో అనే తిరుగుబాటు దళంతో యుద్ధం మొదలైంది. పక్కనున్న తెల్లవాళ్ళ రొడీషియా, తరవాత దక్షిణాఫ్రికా ప్రభుత్వాలు రెనామోకు ఆయుధాలిచ్చాయి. యుద్ధం పదిహేనేళ్ళు సాగింది. యుద్ధంలోనూ, దానివల్ల వచ్చిన కరువులోనూ 10 లక్షలమంది దాకా చనిపోయారని అంచనా. లక్షలాది జనం పొరుగు దేశాలకు పారిపోయారు. పొరుగు రాజ్యాల అధ్యక్షులు సంధి కుదర్చబోయారు గాని కుదరలేదు. అసలు ఎక్కడ కూర్చుని మాట్లాడాలన్న దానిమీదే నెలలు గడిచిపోయాయి.

చివరికి వాళ్ళు కూర్చున్నది ఎక్కడంటే, రోము నగరంలో త్రస్తేవెరె అనే పాతపేటలో, ఒకప్పుడు కన్యాస్త్రీలు ఉండిన మఠంలో. ఆ మఠం సాంత్ ఎజీదియో అనే సంఘానిది. ఆ సంఘాన్ని 1968లో పెట్టినవాళ్ళు హైస్కూలు విద్యార్థులు. ఆంద్రేయా రిక్కార్ది అనే కుర్రాడు, మరికొందరు స్నేహితులు కలిసి ప్రార్థన చేసుకుని, సాయంత్రాలు రోము శివారు మురికివాడల్లో పిల్లలకు చదువు చెప్పేవారు. అంతకుమించి వాళ్ళకు ఏ ఉద్దేశమూ లేదు. సైన్యం లేదు, పదవి లేదు, డబ్బు అంతకన్నా లేదు. ఈ సంచిక చదివే విద్యార్థులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఒక దేశపు యుద్ధాన్ని ఆపడానికి తోడ్పడిన సంఘం, మీకన్నా చిన్నవాళ్ళు సాయంత్రపు బడితో మొదలుపెట్టింది.

వాళ్ళకు మొజాంబిక్‌తో సంబంధం ఎలా కుదిరింది? ఆ దేశపు క్రైస్తవ గురువు జైమే గొన్సాల్వెస్ రోములో చదువుకుంటున్న రోజుల్లో వీళ్ళకు స్నేహితుడయ్యాడు. తరవాత ఆయన బెయిరా పట్టణానికి బిషప్పుగా వెళ్ళాడు. ప్రభుత్వం చర్చిని వేధిస్తున్నదని ఆయన వచ్చి చెప్పుకుంటే, వీళ్ళు ఆయన్ని ఎవరి దగ్గరికి తీసుకెళ్ళారో తెలుసా? పోపు దగ్గరికి కాదు, ఇటలీ కమ్యూనిస్టు పార్టీ నాయకుడు ఎన్రికో బెర్లింగ్వేర్ దగ్గరికి. మార్క్సిస్టు ప్రభుత్వం మార్క్సిస్టు మాట వింటుందని వీళ్ళ లెక్క. లెక్క తప్పలేదు, వేధింపు తగ్గింది. ఆ తరవాత కరువు రోజుల్లో ఆహారం, మందులు పంపారు. అప్పటికి సంధి ఊసు లేదు. అంటే మాటలు మొదలు కావడానికి ఎన్నో ఏళ్ళ ముందే ప్రభుత్వం వాళ్ళకు వీళ్ళు తెలుసు, వీళ్ళకు స్వలాభం ఏమీ లేదని కూడా తెలుసు.

ఇక రెండో పక్షం. 1988లో గొన్సాల్వెస్ రహస్యంగా అడవిలోకి వెళ్ళి రెనామో నాయకుడు అఫోన్సో ధ్లకామాను కలిశాడు. ఇద్దరిదీ ఒకే ప్రాంతం. ఇద్దరూ ఇంట్లో మాట్లాడేది న్దావు భాషే. పదేళ్ళుగా ప్రపంచమంతా హంతకుడని పిలుస్తున్న మనిషితో ఎవరో వచ్చి తన అమ్మ భాషలో మాట్లాడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నేను ఊళ్ళకు వెళ్ళినప్పుడు దీన్ని చాలాసార్లు గుర్తు చేసుకుంటాను. పాతబస్తీలో నాకు వచ్చిన దక్కనీ ఉర్దూ, నాలుగు డిగ్రీలకన్నా ఎక్కువ తలుపులు తెరిచింది.

1990 జులైలో మాటలు మొదలయ్యాయి. బల్ల దగ్గర ఈ పక్షాన ఇద్దరు సాంత్ ఎజీదియోవారు: రిక్కార్ది, మత్తేయో జుప్పి అనే యువ ఫాదిరీ. వారితో గొన్సాల్వెస్, ఇటలీ ప్రభుత్వం తరఫున మారియో రఫాయెల్లి అనే సోషలిస్టు. మొదట వీళ్ళను మధ్యవర్తులని కూడా అనలేదు, పరిశీలకులనే అన్నారు. కొన్ని నెలలు చూశాకనే ఇరుపక్షాలూ ఆ హోదా ఇచ్చాయి. తొలి సమావేశం నుంచి బయటికొచ్చిన ప్రకటనలో ఘనమైన సంగతులేవీ లేవు. తామిద్దరమూ ఒకే దేశస్థులమని, ఒకే పెద్ద మొజాంబిక్ కుటుంబంలోనివారమని ఒప్పుకున్నారు, అంతే. పైకి చూస్తే అది పెళ్ళిపత్రిక మాటలా ఉంటుంది. కాని అప్పటిదాకా ప్రభుత్వం రెనామోను బందిపోట్లని తప్ప మరో పేరుతో పిలవలేదు. బందిపోటు తమ్ముడయ్యాడు. మిగిలినదంతా ఆ ఒక్క మాట మీద కట్టారు.

కట్టడానికి 27 నెలలు పట్టింది. మధ్యలో ఎన్నోసార్లు ఆగిపోయింది. ఎన్నికలు, సైన్యాలు, ఆయుధాలు, ఒక్కొక్కదానికీ నెలల తరబడి వాదన. చివరికి 1992 అక్టోబరు 4న అధ్యక్షుడు జోకిం చిస్సానో, ధ్లకామా రోములో సంతకాలు పెట్టారు. ఆ తరవాత ఐక్యరాజ్య సమితి ఆరేడు వేలమంది శాంతిసైనికులను పంపింది, 1994లో ఎన్నికలు జరిగాయి. ఈ సంగతి కూడా గమనించాలి. నమ్మకం కుదర్చడం మఠం వల్ల అయింది గాని తుపాకులు దింపించడం మఠం వల్ల కాదు. దానికి ప్రభుత్వాలు, డబ్బు, సైన్యం కావలసి వచ్చాయి. మతం పేరున పనిచేసేవాళ్ళు ఈ హద్దు మరచిపోతే నవ్వులపాలవుతారు.

అక్కడ అంతా సుఖాంతమని నేను చెప్పబోవడం లేదు. 2013 నుంచి రెనామోకూ ప్రభుత్వానికీ మళ్ళీ కాల్పులు జరిగాయి, 2019లో మరో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. ఉత్తరాన కాబో దెల్గాదోలో 2017లో వేరే తిరుగుబాటు లేచింది. అయినా 1992 ముందటి చావులతో పోల్చినప్పుడు ఆ ఒప్పందం విలువ తెలుస్తుంది. ఆ యువ ఫాదిరీ జుప్పి తరవాత కార్డినల్ అయ్యాడు. 2023లో పోపు ఆయన్నే ఉక్రెయిన్ యుద్ధం విషయమై కీవ్‌కూ మాస్కోకూ పంపారు.

ఆ మాటలు మూసిన తలుపుల వెనక జరిగాయని చెప్పాను గదా. తలుపులు ఎందుకు మూయాలో నేను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. నా చేత్తో ఒక పని చెడగొట్టి నేర్చుకున్నాను. ఇది ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు.

1990ల చివర్లో ఒక చిన్న పట్నంలో ఊరేగింపు తగాదా వచ్చింది. ఉత్సవ విగ్రహం మసీదు ముందునుంచి వెళ్ళాలి. ఆ వేళకు సరిగ్గా మగ్రిబ్ నమాజు. బ్యాండు ఆపమని వీళ్ళు, ఎందుకాపాలని వాళ్ళు. అంతకుముందు సంవత్సరం చేతులు కలియబడ్డాయి. నేను ఎనిమిది సాయంత్రాలు అక్కడ కూర్చున్నాను, ఒకరోజు వీరింట్లో, ఒకరోజు వారింట్లో. మసీదు కమిటీ సదరు సాహెబు డెబ్భై ఏళ్ళ మనిషి, సైకిలు షాపు ఆయనది. ఉత్సవ కమిటీ ప్రెసిడెంటు ఎరువుల వ్యాపారి. ఎనిమిదో రోజుకు ఒప్పందం కుదిరింది. మసీదు ముందు నలభై గజాల మేర బ్యాండు ఆగుతుంది. నమాజు ముగిశాక సదరు సాహెబు తన మనుషులతో బయటికి వచ్చి ఊరేగింపువాళ్ళకు షర్బతు ఇస్తాడు. ఇద్దరికీ పరువు దక్కింది. కాగితం రాసుకోలేదు, చెయ్యీ చెయ్యీ కలుపుకున్నారు.

నాకు ఒళ్ళు తెలియలేదు. నా మొదటి పెద్ద విజయమది. తెలిసిన విలేఖరి ఒకాయనకు ఫోను చేశాను. ఫోటో కూడా తీయించాను. మర్నాడు జిల్లా పేజీలో ఇద్దరు పెద్దలూ చేతులు కలిపిన బొమ్మ, పైన "పట్టు సడలించిన మసీదు కమిటీ" అన్న శీర్షిక. శీర్షిక పెట్టినవాడికి దురుద్దేశం ఉందనుకోను, చోటు తక్కువై ఉంటుంది. ఆ సాయంత్రానికి కుర్రకారు సైకిలు షాపు ముందు చేరి, ముసలాయన్ని అమ్ముడుపోయావని కేకలేశారు. ఆయన సదరు పదవికి రాజీనామా ఇచ్చాడు. ఒప్పందం పోయింది. ఆ ఏడు ఊరేగింపు పోలీసుల మధ్య నడిచింది. అయినా ఎటునుంచో రాయి వచ్చింది. బ్యాండులో క్లారినెట్ వాయించే పదిహేడేళ్ళ పిల్లవాడికి తగిలింది. ఎడమ కన్ను పోయింది. ఆ పిల్లవాడికి ఆ పక్షమూ లేదు, ఈ పక్షమూ లేదు. రోజుకూలికి పక్కఊరి నుంచి వచ్చాడు.

ఆ రాయి విసిరింది నేనేనని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు కూడా పూర్తిగా కాదని అనలేను. ఫోటో నాకు ఎందుకు కావలసి వచ్చింది? మా కేంద్రానికి విరాళాలిచ్చేవారికి చూపించడానికి. నాకూ చూసుకోవడానికి. అంటే ఆ ఎనిమిది సాయంత్రాల్లో నాకు స్వలాభం లేదన్న మాట ఎనిమిదో రోజున అబద్ధమైపోయింది.

సదరు సాహెబు దగ్గరికి వెళ్ళడానికి నెల పట్టింది. తిడతాడనుకున్నాను. టీ తెప్పించాడు. "నువ్వు చెడ్డోడివి కాదు బేటా. నీకు తొందరెక్కువ" అన్నాడు. ఆ తరవాత ఏమీ అనలేదు. ఆయన సైకిలు ట్యూబుకు పంక్చరు వేస్తుంటే చూస్తూ కూర్చుని వచ్చేశాను. రెండేళ్ళకు ఆయనే కబురు పెట్టాడు. ఈసారి కుర్రకారులో ఇద్దరిని కూడా కూర్చోబెట్టాం, అది మొదటిసారి నేను చేసిన రెండో తప్పు. పెద్దవాళ్ళు ఒప్పుకుంటే అందరూ ఒప్పుకున్నట్టేననుకున్నాను. పాత షరతులే మళ్ళీ కుదిరాయి. ఎవరికీ చెప్పలేదు. మా కేంద్రం వార్షిక నివేదికలో కూడా ఆ ఊరి పేరు లేదు.

మతగురువులే స్వయంగా తగాదాలో ఉన్నవాళ్ళయితే? నైజీరియాలో కదునా నగరం కథ అది. జేమ్స్ వూయె క్రైస్తవ పాస్టరు, ముహమ్మద్ అషాఫా ఇమాము. ఇద్దరూ యువకులుగా ఉన్నప్పుడు ఎదురెదురు దళాల్లో ఉండి కొట్లాడినవాళ్ళే. 1992లో జంగన్ కతాఫ్ అల్లర్ల కాలంలో వూయెకు కుడిచెయ్యి పోయింది. అషాఫా తన గురువునూ, దగ్గరి బంధువులిద్దరినీ పోగొట్టుకున్నాడు. 1995లో పిల్లల టీకాల విషయమై జరిగిన ఒక సమావేశంలో ఒక పత్రికా విలేఖరి ఇద్దరి చేతులూ కలిపి, మీరిద్దరూ మాట్లాడుకోవాలన్నాడు. (విలేఖరులందరూ నా పాలిటి విలేఖరివంటివారు కారని ఒప్పుకుంటున్నాను.) వెంటనే మనసులు మారిపోలేదు. ఒకే గదిలో పడుకున్న రాత్రుల్లో అవతలివాడి ముఖం మీద దిండు అదిమేద్దామనిపించేదని వూయె తరవాత స్వయంగా చెప్పుకున్నాడు. అతని తల్లి జబ్బుపడితే అషాఫా ఆసుపత్రికి వెళ్ళి పరామర్శించాడు. అక్కడినుంచి మెల్లమెల్లగా దారి ఏర్పడింది.

ఇద్దరూ కలిసి మతాల మధ్య మధ్యవర్తిత్వానికి ఒక కేంద్రం పెట్టారు. 2002 ఆగస్టులో కదునా మతపెద్దల చేత శాంతి ప్రకటన మీద సంతకాలు చేయించారు. అదే సంవత్సరం నవంబరులో, ప్రపంచ సుందరి పోటీల గురించి ఒక పత్రికలో పడ్డ రాతతో, అదే కదునాలో అల్లర్లు లేచి రెండువందలమందికి పైగా చనిపోయారు. మన కుర్రాడు అడిగినట్టు అడిగితే, మరి వాళ్ళు చేసిందేమిటి? మూడు నెలలకే కాలిపోయిన కాగితం. ఆ మరునాడు కూడా వాళ్ళిద్దరూ కలిసే వీధుల్లోకి వెళ్ళగలిగారంటే అది ఆ కాగితం వల్ల కాదు, ముందరి ఏడేళ్ళ వల్ల. వాళ్ళిద్దరిలో ఎవరూ తన మతం వదులుకోలేదు, అన్ని మతాలూ ఒకటేనని కూడా అనలేదు. నాకు వాళ్ళ మీద గౌరవం అందుకే. అన్ని మతాలూ ఒకటేనని ఉపన్యసించి వెళ్ళిపోయేవారికి మా పనిలో అంత గిరాకీ లేదు.

మన గడ్డ మీద ఇటువంటి పని జరగలేదా అంటే జరిగింది. 1951 ఏప్రిల్లో హైదరాబాదు పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం పెట్టారు. వినోబా భావే సేవాగ్రామ్ నుంచి కాలినడకన వచ్చారు. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా చల్లారలేదు. వినోబా జైలుకు వెళ్ళి కమ్యూనిస్టు ఖైదీలను కలిశారు, తరవాత పల్లెలకు నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు తమకు 80 ఎకరాలు కావాలంటే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచారు. భూదానం అలా పుట్టింది. దాన్ని పొగిడేవాళ్ళున్నారు, భూస్వాములను కాపాడే ఎత్తని తిట్టేవాళ్ళున్నారు. నా మటుకు నాకు పోచంపల్లి ఆ సాయంత్రం నిజమే, ఆ తరవాత ఏళ్ళలో దేశమంతటా దానపత్రాల్లోనే ఉండిపోయి పేదవాడికి అందని భూమీ నిజమే. మాట ఇచ్చిన రోజున అందరూ ఉంటారు, కొలతలు వేసే రోజున ఎవరూ ఉండరు. శాంతి పనుల్లో ఎక్కువ భాగం చెడేది అక్కడే.

ఆ శివరాంపల్లిలోనే ఇప్పుడు హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1930లో లాహోరులో పుట్టి, ఊళ్ళు మారి, 1971లో హైదరాబాదు చేరింది. ముసల్మానుల మధ్య ప్రచారానికి వెళ్ళే క్రైస్తవులకు ఇస్లాము గురించి నేర్పడానికి పెట్టిన సంస్థ అది. కాలక్రమేణా మతాల మధ్య సంభాషణకు, సయోధ్యకు పనిచేసే సంస్థగా మారింది. ఒక సంస్థ తన పుట్టుక ఉద్దేశాన్నే మార్చుకోవడం చిన్న సంగతి కాదు. నేను ఈ పనిలోకి వచ్చింది కూడా 1990 డిసెంబరులో హైదరాబాదు అల్లర్లలో వందమందికి పైగా చనిపోయిన తరవాతనే. నేను చేరింది వేరొక చిన్న కేంద్రంలో. పెట్టినవారు క్రైస్తవులు, పనిచేసేది ఎక్కువగా ముస్లిం బస్తీల్లో, నేనేమో రామకోటి రాసే అమ్మ కొడుకుని. మొదటి రెండేళ్ళూ నా పని బస్తీ ఆడపిల్లల కుట్టు క్లాసుకు మిషన్లు రిపేరు చేయించి తేవడం. దీనికీ శాంతికీ ఏమిటి సంబంధమని విసుక్కునేవాణ్ణి. తరవాతెప్పుడో రాత్రిపూట ఒక పుకారు లేచినప్పుడు, నిజమేమిటో కనుక్కుందామని ఆ తల్లులు కబురుపెట్టింది నాకే.

ఇక ఒక హెచ్చరిక. రాజీ కుదర్చకూడని చోట్లు కూడా ఉన్నాయి. 1985 జులైలో కారంచేడు జరిగినప్పుడు నేను ఈ కాలేజీ విద్యార్థినే. ఆరుగురు దళితులను చంపారు. హాస్టల్లో ఆ రాత్రి ఎవరం అన్నం తినలేదు. 1991లో చుండూరు జరిగేనాటికి నేను ఈ పనిలో ఉన్నాను. కొట్టినవాడికీ దెబ్బలు తిన్నవాడికీ మధ్య "ఇద్దరూ కాస్త తగ్గండి" అనడం శాంతి కాదు. అటువంటి ఊళ్ళకు శాంతి సంఘమని పేరు పెట్టుకుని వచ్చే పెద్దమనుషులను చూశాను. వాళ్ళు కోరేది ఒకటే, కేసు వాపసు తీసుకోవడం. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది ఇటువంటి రాజీల నుంచి కాపాడటానికి కూడా. ఒకసారి ఒక ఊరి పెద్ద కారు పంపించి నన్ను పిలిపించాడు. భోజనం బాగా పెట్టాడు. ఫిర్యాదు చేసిన కుటుంబం చేత కాగితం మీద వేలిముద్ర వేయించమన్నాడు. వచ్చేటప్పుడు బస్సులో వచ్చాను.

చదువు సంగతి అడిగేవారికి కొన్ని వివరాలు. ఢిల్లీ జామియా మిలియా ఇస్లామియాలో నెల్సన్ మండేలా పేరున ఉన్న కేంద్రంలో ఈ విషయంలో ఎం.ఏ. చదవవచ్చు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మాలవీయ శాంతి పరిశోధన కేంద్రం ఉంది. విదేశాలకు వెళ్ళగలిగితే, క్వేకర్ల చొరవతో 1970లలో మొదలైన ఇంగ్లండు బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాఖ పేరుపొందినది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం హారిసన్‌బర్గ్‌లో మెన్నొనైట్ల విశ్వవిద్యాలయం ఉంది. మన మహబూబ్‌నగర్, జడ్చర్లవాళ్ళకు మెన్నొనైట్ల పేరు ఆసుపత్రుల వల్ల, చర్చిల వల్ల తెలిసినదే. లైబీరియా యుద్ధాన్ని ఆపమని 2003లో క్రైస్తవ, ముస్లిం స్త్రీలను తెల్లబట్టలతో రోడ్డు పక్కన కూర్చోబెట్టి, 2011లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న లేమా బోవీ చదువుకున్నది అక్కడే. గమనించండి, ఆమె పని చేశాక చదువుకున్నది. కోర్టులకు అనుబంధంగా పనిచేసే మధ్యవర్తులకు 40 గంటల శిక్షణ ఇస్తారు, లా చదివేవారికి అది మంచి ఆరంభం. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టంలో ఒక ప్రాంతపు శాంతికి భంగం కలిగించే తగాదాలను స్థానిక మధ్యవర్తులతో పరిష్కరించుకోవడానికి కూడా చోటు కల్పించారు. ఆచరణలో ఎంత పనికొస్తుందో మీ తరంవారు చూస్తారు.

జీతం సంగతి. గెలిచినవాళ్ళూ ఇవ్వరు, ఓడినవాళ్ళూ ఇవ్వరు. ఎవరిచ్చినా తీసుకోకూడదు. విరాళాలతో నడిచే సంస్థలు ఇస్తాయి, అది ఒక జూనియర్ లెక్చరరు జీతానికి తక్కువే ఉంటుంది. మూడేళ్ళ గ్రాంటు అయిపోయాక ఆరు నెలలు ఏమీ రాకపోవచ్చు. మా ఆవిడ టీచరు కాకపోయి ఉంటే నేను ఈ వ్యాసం రాసే స్థితిలో ఉండేవాణ్ణి కాదు. ఇది ఆమె ముందే ఒప్పుకుంటాను. పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఏం చేస్తాడంటే మా అమ్మ "సోషల్ సర్వీసు" అని చెప్పి మాట మార్చేసేది.

ఆ కుర్రాడు పరీక్షలయ్యాక వేసవిలో నిజంగానే మా కేంద్రానికి వచ్చాడు, ఆరు వారాలుంటానని. అప్పుడు ఒక బస్తీలో కుళాయి నీళ్ళ వంతుల మీద రెండు వీధులకు మాటలు నడుస్తున్నాయి. ఒక వీధిలో గుడి, ఒక వీధిలో దర్గా, అందుకని కుళాయి తగాదా కాస్తా మరోటయ్యేలా ఉంది. కుర్రాడికి టీలు అందించే పని అప్పగించాను. మాట్లాడొద్దు, ఎవరు ఎవరి వంక చూడకుండా టీ తీసుకుంటున్నారో గమనించమన్నాను. రాత్రి పదిన్నరకు బయటికొచ్చాక, ఈరోజు ఏం తెలిసిందోయ్ అని అడిగాను.

"గుడి వీధిలో రెండో ఇంటామె టీ తీసుకోలేదు సార్" అన్నాడు. "ఆమెకు కోపం దర్గా వీధి మీద కాదు, పక్కింటివాళ్ళ మీద."

మర్నాడు ఆమె ఇంటికి వెళ్ళాం, ముందు అతణ్ణే నడవమన్నాను.